వెనక లైటు గురించి ఒక మాట పడ్డాక

"నీ వెనకాల సైకిల్ తొక్కలేక చస్తున్నాను, ఆ లైట్ తీసేయ్."

పొద్దున్నే షిఫ్ట్ మొదలవ్వకముందు లాకర్ల దగ్గర అందరూ సేఫ్టీ షూస్ వేసుకుంటుంటే, మాతో పనిచేసే ఒక పెద్దాయన నాతో అన్న మాట ఇది. ముందు ఒక పలకరింపు లేదు, చివర్లో "ఏమనుకోకు" అన్న ముక్క లేదు. చుట్టూ మనుషులున్నారు, ఒకరిద్దరు తలెత్తి నా వైపు చూశారు కూడా. నేను జర్మన్‌లో జవాబు కూడబలుక్కునేలోపే ఆయన లాకర్ తలుపు వేసి వెళ్ళిపోయాడు. ఆ పూటంతా పార్సిళ్ళు స్కాన్ చేస్తూనే ఉన్నా గానీ మనసంతా ఆ మాట మీదే.

నాకు ఎందుకంత కష్టమనిపించిందో చెప్తాను. ఆ లైట్ నేను ముచ్చటపడి కొన్నది కాదు, భయంతో కొన్నది. మా గోడౌన్ జర్మనీలోని లైప్‌జిగ్‌కి ఉత్తరాన, ఊరి చివర. ఆరింటి షిఫ్ట్ అంటే ఆ టైమ్‌కి ట్రామ్ దొరికినా దిగాక నడక చాలా ఉంటుంది, అందుకే మాలో చాలామంది సైకిల్ మీదే వస్తారు. డిసెంబర్‌లో ఇక్కడ తెల్లారేది ఎనిమిది దాటాక, సాయంత్రం నాలుగింటికల్లా మళ్ళీ చీకటి, పైగా సన్నగా ముసురు, ఆగిందనుకుంటే పొగమంచు. చివర్లో ఒక ముక్క రోడ్డు ఉంది, దానికి సైకిల్ దారి లేదు, గోడౌన్లకి వచ్చే ట్రెయిలర్ లారీలు అక్కడే మన పక్కనుంచి పోతాయి, ఒక్కోటి దాటినప్పుడు గాలికి హ్యాండిల్ ఒకసారి అటూ ఇటూ అవుతుంది. నిజానికి ఇక్కడి డ్రైవర్లు బాగానే జాగా వదుల్తారు, ఊళ్ళో అయితే మీటరున్నర, ఊరి బయట రెండు మీటర్లు వదలాలని 2020 నుంచి నిబంధన కూడా ఉంది. అయినా వెనక లారీ చప్పుడు వినపడగానే నా వీపు బిగుసుకుపోతుంది, అది ఈ రోడ్డు మీద నేర్చుకున్న భయం కాదు కదా.

మనకి రాత్రిపూట రోడ్డు అంటే ఏంటో నేను విడమర్చి చెప్పక్కర్లేదు. వెనక మడ్‌గార్డ్ మీద ఒక ఎర్ర బిళ్ళ, అది కూడా బురద పట్టేసి, అంతే, దానితోనే పొలం నుంచో పని నుంచో ఇంటికొచ్చేవాళ్ళని చూస్తూ పెరిగాం. ఎవరింట్లో చూసినా ఆ రోడ్డు తాలూకు కథ ఒకటి ఉంటుంది. అందుకని లైట్ కొనేటప్పుడు నా బుర్రలో ఉన్నది ఒకటే ప్రశ్న, లారీవాడికి నేను కనపడతానా లేదా. ఆన్‌లైన్‌లో అన్నిటికంటే ఎక్కువ ల్యూమెన్లు, అంటే అట్ట మీద రాసే వెలుగు లెక్క, ఉన్నది చూశాను, గబగబా మెరిసే మోడ్ ఉన్నది చూశాను, సీటు కింద తగిలించాను, ఫోన్‌లో అమ్మ "చీకట్లో సైకిలేంటమ్మా" అన్నప్పుడల్లా "కిలోమీటర్ దూరం నుంచి కనపడుతుందిలే" అని చెప్పాను. అలాంటి లైట్‌ని పట్టుకుని తీసేయ్ అంటే ఎలా?

షిఫ్ట్ అయ్యాక సైకిళ్ళ షెడ్ దగ్గర ఆయనే మళ్ళీ వచ్చాడు. సారీ చెప్తాడేమో అనుకున్నా. అదేం లేదు. మోకాళ్ళ మీద కూర్చుని, ఫోన్ టార్చ్ వేసి, నా లైట్‌ని అటూ ఇటూ తిప్పి కింద, పక్కన, వెనక ఏదో వెతికాడు. తర్వాత తన సైకిల్ దగ్గరికి తీసుకెళ్ళి తన వెనక లైటు చూపించాడు. ఎర్ర ప్లాస్టిక్ అంచు మీద, గోటితో తడిమితేగానీ తెలియనంత చిన్న అక్షరాలు, ఒక అల గీత, దాని పక్కన కె అనే అక్షరం, ఆ తర్వాత కొన్ని అంకెలు. ఫ్లెన్స్‌బుర్గ్‌లో ఉండే కేంద్ర మోటారు వాహనాల శాఖ ఆమోదం ఇచ్చిన లైట్లకి మాత్రమే ఆ గుర్తు ఉంటుందట. నాదాని మీద లేదు. పైగా జర్మనీలో సైకిల్ లైట్ మెరవకూడదు, నిలకడగా వెలగాల్సిందే, రోడ్డు వాహనాల నిబంధనల్లో 67వ సెక్షన్‌లో సైకిల్ లైట్ల సంగతంతా ఉంది. లైట్ లేకపోతే జరిమానా 20 యూరోలు, దానివల్ల ఇంకొకరికి ప్రమాదం తెచ్చిపెడితే 25, యాక్సిడెంటే అయితే 35.

ఇంత చెప్పి ఆయన "రేపు కలుద్దాం" అని వెళ్ళిపోయాడు.

రూల్ అర్థమైంది. కానీ ఆ చెప్పిన తీరు నన్ను చాలా రోజులు వదల్లేదు, ఇప్పటికీ పూర్తిగా వదల్లేదు. మన దగ్గర రోడ్డు మీద ముక్కూ మొహం తెలియని వాళ్ళు మనకి ఎన్నిసార్లు చెప్తారో గుర్తు తెచ్చుకోండి. బండి మీద పోతుంటే పక్కనుంచి ఎవరో "స్టాండ్, స్టాండ్" అని అరుస్తారు. "అమ్మాయ్, చున్నీ చక్రంలో పడుతోంది" అని వెనకనుంచి స్పీడ్ పెంచుకుని మరీ వచ్చి చెప్పి పోతారు. పగలు హెడ్‌లైట్ వెలుగుతుంటే ఎదురొచ్చేవాళ్ళు గుప్పిట మూసి తెరిచి చూపిస్తారు. వాళ్ళెవరూ రూల్ గురించి చెప్పట్లేదు, వాళ్ళకి దాంతో వచ్చేదీ లేదు పోయేదీ లేదు, నువ్వు పడిపోతావేమో అన్న కంగారు తప్ప. వెనక లైట్ లేకుండా పోయేవాడిని కూడా "చూసుకుని వెళ్ళు నాయనా" అంటారు. ఆ గొంతులో మనం ఉన్నాం. ఈయన గొంతులో నేను లేను, ఆయన కళ్ళు ఉన్నాయి, ఆయన రూల్ ఉంది. అలా అనుకుని చాలా బాధపడ్డాను, మా రూమ్‌లో అందరికీ చెప్పి వాళ్ళ చేత కూడా ఆయన్ని తిట్టించాను.

కానీ ఒక పొద్దున నాకంటే ముందు ఒక కుర్రాడు వెళ్తున్నాడు, వీపు మీద బ్యాగ్, దానికి గబగబా మెరిసే ఎర్ర లైటు. ఆ తడి రోడ్డు మీద ఆ ఎరుపు కిందా పైనా మెరుస్తుంటే అతను నాకు దగ్గర్లో ఉన్నాడా దూరంగా ఉన్నాడా, మెల్లగా వెళ్తున్నాడా ఆగాడా అన్నది పోల్చుకోలేకపోయాను. లైట్ ఆరిన ప్రతిసారీ మనిషి మాయం, వెలిగినప్పుడు ఇంకోచోట. దాటేద్దామంటే జాగా అంచనా అందదు, వెనకే ఉందామంటే కళ్ళు మండుతున్నాయి. మెరిసే లైటు "ఇక్కడ ఏదో ఉంది" అని గట్టిగా చెప్తుంది, నిజమే, కానీ "ఇంత దూరంలో ఉంది, ఇంత వేగంతో పోతోంది" అని చెప్పేది నిలకడగా వెలిగేదే. సైకిళ్ళు ఇన్ని ఉన్న ఊళ్ళో మన వెనక వచ్చేది ఎక్కువసార్లు లారీ కాదు, ఇంకో సైకిలే, దాని మీద కూర్చున్న మనిషి కళ్ళు దాదాపు మన లైట్‌కి సూటిగా, దగ్గర్లో ఉంటాయి. ఈ సంగతి మన రోడ్ల మీద నాకెప్పుడూ తట్టే అవకాశమే లేదు, అక్కడ మన వెనక వచ్చేది ఎప్పుడూ మనకంటే పెద్దదే.

అప్పట్నుంచి లైట్ల గురించి బాగానే చదివాను. అట్ట మీద రాసే ల్యూమెన్ అంటే ఆ లైటు అన్ని వైపులా కలిపి పారబోసే వెలుగు. వెనకాల ఉన్న కంటికి ఎంత అందుతుందన్నది వేరే లెక్క, దాన్ని క్యాండెలాల్లో కొలుస్తారు, ఇక్కడ ఆమోదం ఇచ్చేటప్పుడు చూసేది అదే, మరీ తక్కువ కాకూడదు, ఒక హద్దు దాటి ఎక్కువా కాకూడదు. చిన్న బిందువులోంచి సూటిగా కొట్టే లైటు సరిగ్గా ఎదురుగా ఉన్నవాడి కళ్ళు చిట్లించేస్తుంది, కాస్త పక్కకి జరిగితే ఏమీ కనపడదు. అదే వెలుగు వెడల్పాటి అద్దం మీద పరుచుకుంటే కళ్ళకి హాయి, పక్క సందులోంచి వచ్చేవాడికీ కనపడుతుంది. కాబట్టి నేనైతే ఇప్పుడు పెద్ద నంబర్ కంటే వెలిగే ముఖం ఎంత వెడల్పుందో చూస్తాను.

అన్నిటికంటే ముఖ్యం అది ఎక్కడ కూర్చుంటుంది, కూర్చున్నచోట ఉంటుందా లేదా అన్నది. సీటు కింద రాడ్‌కి రబ్బర్ బెల్టుతో తగిలించే లైట్లు ఉంటాయి కదా, లైప్‌జిగ్‌లో రాళ్ళు పరిచిన పాత వీధులు చాలా ఉన్నాయి, వాటి మీద దడదడలాడుతూ పోతే ఆ బెల్టు మెల్లగా జారుతుంది, లైటు తల వంచేసి టైరుని చూస్తూ ఉంటుంది. మనకి వెనక కళ్ళు లేవు కాబట్టి తెలియదు. పొడుగు వింటర్ జాకెట్ వేసుకుంటే దాని అంచు వచ్చి లైట్ మీద పడుతుంది, క్యారియర్ మీద బ్యాగ్ కట్టినా అంతే. ఎంత ప్రకాశమైనదైనా గుడ్డ వెనక ఉంటే ఏం లాభం? ఇక్కడి రూల్ ప్రకారం వెనక లైటు నేల నుంచి 25 సెంటీమీటర్లకి తగ్గకుండా, 120 సెంటీమీటర్లకి మించకుండా ఉండాలి. బ్యాగ్‌కో హెల్మెట్‌కో పెట్టుకున్నది సైకిల్ లైట్ కింద లెక్కకి రాదు.

ఇక దొంగతనం. స్టేషన్ దగ్గర స్టాండ్‌లో సైకిల్ పెట్టి వచ్చేసరికి క్లిప్ లైట్ ఉండదు, ఇది మాలో అందరికీ అనుభవమే. చీకటి పడినప్పుడు ఉంటే చాలు, పగలు తీసి జేబులో పెట్టుకోవచ్చని 2017లో రూల్ సడలించారు, కానీ గ్లవ్స్ వేసుకున్న చేత్తో రోజూ తీసి పెట్టడం, జేబులో బటన్ నొక్కుకుపోయి ఛార్జింగ్ అయిపోవడం, చలికి బ్యాటరీ ముందే నీరసపడిపోవడం, ఇవన్నీ ఉన్నాయి. అందుకే క్యారియర్ వెనక పట్టీకి బోల్టులతో బిగించేది తీసుకున్నాను. ఆ పట్టీకి రెండు రంధ్రాలుంటాయి, వాటి మధ్య దూరం కొన్నిటికి 50 మిల్లీమీటర్లు, కొన్నిటికి 80, కొనేముందు స్కేలు పెట్టి కొలుచుకోవాలి. నట్లు లోపలి వైపు ఉంటాయి, స్పానర్ లేకుండా ఎవడూ ఊడదీయలేడు, బ్యాగ్ దాన్ని కప్పదు, రాళ్ళ మీద ఎంత కుదిపినా తల వంచదు. తప్పనిసరిగా ఉండాల్సిన ఎర్ర రిఫ్లెక్టర్ కూడా అందులోనే కలిసి వస్తుంది, దాని మీద జెడ్ అనే అక్షరం ఉంటుంది. మామూలు సెల్స్ వేసేది తీసుకున్నా, ఛార్జింగ్ గొడవ లేదు.

డబ్బులుంటే చక్రం ఇరుసులోనే డైనమో ఉన్న సైకిల్ తీసుకునేదాన్ని, అది వేరే సుఖం. మన తాతల సైకిళ్ళకి టైరుని రాసుకుంటూ తిరిగే డైనమో గుర్తుందిగా, తొక్కడం ఆపితే లైటు పోయేది. ఇప్పటి వాటికి ఆ బరువూ లేదు, ఆ చప్పుడూ లేదు, 6 వోల్టులు, 3 వాట్లు, అందులో వెనక లైటుకి 0.6 వాట్ చాలు, లోపల కాస్త కరెంటు దాచుకునే కెపాసిటర్ ఉండేది చూసి తీసుకుంటే సిగ్నల్ దగ్గర ఆగినా కొన్ని నిమిషాలు వెలుగుతూనే ఉంటుంది. ఇక్కడ 2013 దాకా మామూలు సైకిళ్ళకి డైనమోనే ఉండాలని రూల్, అందుకే ఆ పాత కాలం వాళ్ళకి దాని మీద అంత గురి.

ఒక విషయంలో మాత్రం నేను ఆ పెద్దాయన మాట ఒప్పుకోను. పగటిపూట లైటెందుకు, దండగ అంటాడు ఆయన. డెన్మార్క్‌లో ఓడెన్స్ అనే ఊళ్ళో 2004, 2005ల్లో 3,845 మంది సైక్లిస్టులతో ప్రయోగం చేశారు, సగం మందికి చక్రం తిరుగుతుంటే ఎప్పుడూ వెలిగే మాగ్నెట్ లైట్లు పెట్టారు, పగలూ రాత్రీ తేడా లేకుండా. వాళ్ళకి గాయాలైన ప్రమాదాలు మిగతావాళ్ళతో పోలిస్తే 19 శాతం తక్కువ. కాబట్టి నాది మధ్యాహ్నం కూడా వెలుగుతూనే ఉంటుంది, ఎవరేమన్నా సరే. ఆ లారీల రోడ్డు కోసం కాళ్ళకి మడమల దగ్గర రిఫ్లెక్టర్ పట్టీలు కూడా కట్టుకుంటున్నాను, పెడల్స్‌కి ఉండే పసుపు రిఫ్లెక్టర్లతో పాటు అవి పైకీ కిందకీ కదులుతుంటే అక్కడున్నది మనిషి అని డ్రైవర్‌కి దూరం నుంచే తెలుస్తుంది.

అక్టోబర్‌లో కొత్త సెమిస్టర్‌కి మనవాళ్ళు బోలెడుమంది దిగుతారు, అందులో సగం మంది సెకండ్ హ్యాండ్ సైకిల్ కొని గోడౌన్లలో చేరతారు. నా దగ్గరికి వచ్చి "అక్కా, ఏ లైట్ కొనాలి" అని అడిగితే ముందు కె నంబర్ చూపిస్తాను, ఆ తర్వాత జాకెట్ వేసుకుని, బ్యాగ్ తగిలించుకుని, సైకిల్ ఎక్కి కూర్చోమంటాను. నేను వెనక్కి నడుచుకుంటూ పోయి, కారు సీటు ఎత్తుకి వంగి చూస్తాను, తర్వాత నిలబడి చూస్తాను, తర్వాత పక్కకి జరిగి చూస్తాను. మొన్న వచ్చిన తమ్ముడి లైటు జాకెట్ కింద పూర్తిగా దాక్కుంది, క్యారియర్‌కి మార్చుకోమంటే వాడి మొహం చిన్నబోయింది, కొత్తది కదా మరి. స్పానర్ నా దగ్గరే ఉంది, ఆదివారం రమ్మన్నాను.