ఖహరంలో అచ్యుతుడు

భాద్రపద శుక్ల చతుర్దశి నాడు అనంత పద్మనాభ వ్రతం. ఎర్రని తోరానికి 14 ముడులు, నైవేద్యానికి 28 అతిరసాలు, అందులో సగం వాయనానికి. అంతు లేనివాడి పూజలో ఒక్క ముడి తప్పినా మా పెద్దవాళ్లు ఊరుకోరు. నాకు ఆ పట్టింపు ఇష్టమే.

ఆ రోజున నేను చదువుకునే శ్లోకం మాత్రం వ్రతకల్పంలోది కాదు, భాస్కరాచార్యుల బీజగణితంలోది:

అస్మిన్వికారః ఖహరే న రాశావపి ప్రవిష్టేష్వపి నిఃసృతేషు ।
బహుష్వపి స్యాల్లయసృష్టికాలేఽనంతేఽచ్యుతే భూతగణేషు యద్వత్ ॥

మూడును సున్నాతో భాగిస్తే వచ్చే రాశిని ఆయన ఖహరం అన్నాడు. దానికి ఎంత కలిపినా, ఎంత తీసినా మార్పు రాదు. ప్రళయంలో ప్రాణికోటి వచ్చి చేరినా, సృష్టి వేళ బయటికి వెళ్లినా అచ్యుతుడు మారనట్టే. 1150 ప్రాంతంలో, ఎక్కాల మధ్య, లెక్క ఆపకుండానే చేసిన నమస్కారమిది.

ఇప్పటి గణితం సున్నాతో భాగహారాన్ని ఒప్పుకోదు. మూడును భాగించినా ఐదును భాగించినా వచ్చేది ఒకటే ఖహరమైతే, తిరిగి హెచ్చవేసేటప్పుడు మూడూ ఐదూ ఒకటైపోతాయి. అయినా అనంతానికి కొంత కలిపితే అనంతమే అన్న మాట చెక్కుచెదరలేదు.

ఇక్కడే చాలామంది ‘పూర్ణస్య పూర్ణమాదాయ పూర్ణమేవావశిష్యతే’ (పూర్ణంలోంచి పూర్ణాన్ని తీసినా పూర్ణమే మిగులుతుంది) అన్న ఉపనిషత్తు శాంతిమంత్రాన్ని గణిత సూత్రంగా చూపిస్తారు. నాకది నచ్చదు. ఒకటి, రెండు, మూడు అంటూ సాగే సంఖ్యల్లోంచి సరిసంఖ్యలన్నీ తీసేయండి, బేసిసంఖ్యలు మిగులుతాయి. వాటికీ అంతు లేదు. పది దాటినవన్నీ తీసేయండి, మిగిలేవి పదే. రెండుసార్లూ తీసింది అనంతమే! ఉపనిషత్తు చెప్పే పూర్ణం తీసివేతకు లొంగే సరుకు కాదు. భాస్కరుడు జాగ్రత్తపరుడు, ‘బహుషు’, ఎన్నో ప్రాణులు అన్నాడే గాని అనంతంలోంచి అనంతాన్ని తీయలేదు.

అనంతాన్ని అనంతంతో పోల్చే పని జర్మనీలో గేయార్గ్ కాంటర్ అనే గణితవేత్త తలకెత్తుకున్నాడు. సరిసంఖ్యలను అన్ని సంఖ్యలతో జత కలిపితే ఒకటికి రెండు, రెండుకు నాలుగు, మూడుకు ఆరు. ఏదీ ఒంటరిగా మిగలదు, కాబట్టి రెండు గుంపులూ సమానమే. అంతు లేకుండా సాగే దశాంశాలను కూడా కలుపుకున్న వాస్తవ సంఖ్యల దగ్గర మాత్రం జత కుదరదని, అది ఇంకా పెద్ద అనంతమని 1874లో నిరూపించాడు. తరవాత ఏ అనంతానికైనా దాన్ని మించినది ఉంటుందని తేల్చాడు. నిచ్చెనకు పై మెట్టు లేదు. ఆ మెట్లన్నిటికీ ఆవల ఉన్న పరమ అనంతాన్ని, నిష్ఠగల క్రైస్తవుడైన కాంటర్, దేవుడికే వదిలేశాడు.