నాలుగింటికి ఖాళీ అయ్యే దీవి

"ఈరోజు పడవ లేదు" అని టికెట్ల కుర్రాడు ఒక్క ముక్క చెప్పి మళ్లీ ఫోన్‌లో మునిగిపోయాడు. మబ్బు తునక లేదు, ఒడ్డున నీళ్లు చెరువులా ఉన్నాయి. వానా లేదు, తుఫానూ లేదు, పడవ ఎందుకు లేదే అని అమ్మ నన్ను అడుగుతోంది, ఆపింది నేనే అన్నట్టు.

కారణం గాలి. జులై, ఆగస్టుల్లో గ్రీస్ దగ్గరి ఏజియన్ సముద్రం మీద ఉత్తరం నుంచి మెల్తెమి అనే పొడి గాలి వీస్తుంది. హద్దు దాటితే రేవు అధికారులు పడవల్ని కదలనివ్వరు. ఆ నిషేధాన్ని అక్కడ 'అపగొరెఫ్తికో' అంటారు. మేం వెళ్లాల్సింది నిసిరోస్ అనే చిన్న దీవికి. పడవ కోసం మేమున్న కర్దమెనా రేవు, విమానం దిగిన కోస్ దీవికి దక్షిణపు ఒడ్డున ఉంది, కొండ చాటు. అందుకే మా కళ్లకి సముద్రం బుద్ధిగా కనిపించింది. రెండు సూట్‌కేసులు, ఒక రైస్ కుక్కర్, అమ్మ. ఆ రాత్రికి అక్కడే రూమ్ తీసుకున్నాం. అప్పుడే తిరుగు ప్రయాణం కూడా మార్చేశాను: విమానానికి ముందు రాత్రి తప్పకుండా కోస్‌లోనే ఉండాలి, చిన్న దీవిలో కాదు. వెళ్లేవాళ్లకి నేను చెప్పే మొదటి మాట ఇదే.

అమ్మ మూడు నెలలకని తెనాలి నుంచి మ్యూనిక్‌లో నా దగ్గరికి వచ్చింది. ఆమెది జర్మనీ ఇచ్చిన షెంగెన్ వీసా, గ్రీస్‌కి వేరే వీసా అక్కర్లేదు. సముద్రం చూడాలంది. అందరూ గ్రీస్‌లోని సాంటోరిని దీవి అన్నారు. మోకాళ్ల నొప్పులున్న మనిషిని ఆ మెట్ల మీద, ఆ జనంలో ఊహించుకుంటేనే నాకు టెన్షన్ వచ్చింది. ఆఫీసులో ఒకావిడ నిసిరోస్ పేరు చెప్పింది. 41 చదరపు కిలోమీటర్ల దీవి, ఓ వెయ్యి మంది జనాభా, నడుమ ఇంకా పొగలు కక్కే అగ్నిపర్వతం. చూడాల్సినవి తక్కువైతే పరుగులూ తక్కువే కదా అనుకున్నాను.

మర్నాడు గాలి తగ్గింది. పడవలో గంట ప్రయాణం. దారిలో యాలి అనే చిన్న దీవి, సగం కొండ తెల్లగా కోసేసి ఉంది. అదంతా ప్యూమిస్ రాయి, తవ్వి ఓడలకి ఎత్తుతారు. మన ఇళ్లలో మడమలు రుద్దుకునే రాయి అదేనని చెప్తే, "మడమల కోసం కొండ తవ్వేశారా!" అంది అమ్మ.

పడవ దిగేది మంద్రాకి అనే ఊళ్లో. సందులు ఎంత ఇరుకంటే సూట్‌కేసు, నేను పక్కపక్కన పట్టం. ఇంటావిడకి డెబ్బై దాటి ఉంటాయి, ఇంగ్లీషు ఒక్క ముక్క రాదు. అమ్మకి గ్రీకు రాదు. అయినా సాయంత్రానికి ఇద్దరూ వంటింట్లో ఉన్నారు.

తిండి గురించి కొంచెం వివరంగా చెప్పాలి, శాకాహారులకి అసలు భయం అక్కడే కాబట్టి. గ్రీకులు ఉపవాసం రోజుల్లో మాంసం, గుడ్డు, పాలు ముట్టరు. అలాంటి వంటని 'నిస్తీసిమో' అంటారు. ఈ మాట నేర్చుకున్నానని గర్వపడుతూ హోటల్లో అడిగాను. వచ్చింది ఆక్టోపస్! రక్తం లేని సముద్రపు జీవులు ఉపవాసానికి పనికొస్తాయట. రేవు పక్కన తాడు మీద వాటిని బట్టల్లా ఆరేయడం అమ్మ పొద్దున్నే చూసింది. ప్లేటు చూడగానే గుర్తుపట్టి కుర్చీ వెనక్కి జరుపుకుంది. కాబట్టి నిస్తీసిమో అన్నాక, ఆక్టోపస్, రొయ్యలు కూడా వద్దని విడిగా చెప్పండి.

మమ్మల్ని గట్టెక్కించింది 'పిథియా'. కాబూలీ శనగల ముద్దలో ఉల్లిపాయ, టమాటా కలిపి, చిన్న బిళ్లలుగా నూనెలో వేయించేది. ఇంటావిడ మొదటి వాయి తీసి కాగితం మీద పెట్టింది. అమ్మ ఒకటి విరిచి, లోపల వేగిందో లేదో చూసి, నోట్లో వేసుకుని, "మసాలా వడేనే. పచ్చిమిర్చి వేయడం మర్చిపోయింది పాపం" అని, సూట్‌కేసులోంచి గోంగూర పచ్చడి సీసా తెచ్చింది. ఇంటావిడ వేలి కొసతో రుచి చూసి, కళ్లు మూసుకుని, రెండు గ్లాసుల నీళ్లు తాగింది. మర్నాడు తనే గిన్నె పట్టుకుని మళ్లీ అడిగింది. చేదు బాదంతో చేసే 'సుమాదా' షర్బత్ కూడా ఆవిడ ఇంట్లోనే తాగాం. అమ్మకి నచ్చలేదు, నాకు నచ్చింది.

అగ్నిపర్వతం సంగతి. పగటిపూట టూరిస్టు పడవలన్నీ కోస్ నుంచి ఇంచుమించు ఒకేసారి వస్తాయి. రేవు నుంచి బస్సులెక్కి అందరూ బిలం దగ్గరికి వెళ్లి, తిరిగొచ్చి, భోంచేసి, నాలుగింటికల్లా వెళ్లిపోతారు. నడినెత్తిన ఎండ, కింద మరిగే నేల, చుట్టూ జనం. మేం ఒకరోజుకి చిన్న కారు అద్దెకి తీసుకుని పొద్దున ఏడింటికే వెళ్లాం. స్తెఫానోస్ అనే ఆ బిలం 300 మీటర్ల పైచిలుకు పొడవు, 27 మీటర్ల లోతు. లోపల మా ఇద్దరితో పాటు మేకలు తప్ప ఎవరూ లేరు. అమ్మ సగం దూరం నా భుజం పట్టుకుని దిగి, నీడలో రాయి మీద కూర్చుంది.

నేల పసుపు, తెలుపు. చిన్న కన్నాల చుట్టూ గంధకం సూదుల్లా గడ్డకట్టి ఉంది, ముట్టుకుంటే విరిగిపోతుంది. ఆ కన్నాల దగ్గర చెవి పెడితే కుక్కర్ విజిల్‌కి ముందు వచ్చే బుసలా ఒకటే శబ్దం. నేను పల్చటి చెప్పులతో వెళ్లి తప్పు చేశాను. పది నిమిషాలకి అరికాళ్లు కాలాయి. గట్టి బూట్లు వేసుకోండి, తాడు కట్టిన చోట దాటకండి, పైన పెంకు పల్చగా ఉంటుంది. వాసన కుళ్లిన కోడిగుడ్డని అందరూ అంటారు. అమ్మకి మాత్రం దీపావళి మర్నాటి వీధిలా అనిపించిందట. ఇక్కడ చివరిసారి పేలుళ్లు 1888లో జరిగాయి. అప్పుడు పైకి తన్నింది లావా కాదు, లోపల వేడెక్కిన నీరూ ఆవిరీ.

వాళ్ల పురాణం ప్రకారం సముద్ర దేవుడు పొసైడన్, పాలిబోటీస్ అనే రాక్షసుణ్ని తరుముతూ కోస్ నుంచి ఒక ముక్క విరిచి వాడి మీద వేశాడు. ఆ ముక్కే నిసిరోస్, కింద మూలిగేది ఆ రాక్షసుడు. "మన బలి చక్రవర్తినీ కిందికే తొక్కారు, కానీ ఏడాదికోసారైనా పైకి రానిస్తారు" అంది అమ్మ. కేరళ ఓనం ఆమె మనసులో ఉంది.

తిరుగుదారిలో ఎంబోరియోస్ ఊరి మొదట్లోనే చిన్న గుహ ఒకటుంది, అగ్నిపర్వతపు వేడికి లోపల ఆవిరి వస్తుంది. డబ్బు కట్టక్కర్లేదు. అమ్మ మోకాళ్ల దాకా చీర ఎత్తుకుని పది నిమిషాలు కూర్చుని, ఆ దీవి మొత్తంలో పనికొచ్చేది ఇదేనని తేల్చేసింది. నికియా ఊళ్లో గులకరాళ్లు పేర్చిన గుండ్రటి చౌక్ చూశాం. అగ్నిపర్వతాల మ్యూజియం ఎండలో నాకు విసుగనిపించింది.

మంద్రాకి పైన కొండగుహలో పనాగియా స్పిలియాని, మరియమ్మ గుడి. మెట్లు ఎక్కడానికి అమ్మకి అరగంట పట్టింది, మధ్యలో నాలుగుసార్లు కూర్చుంది. లోపల రేకు మీద ఒత్తిన వెండి కళ్లు, కాళ్లు వేలాడుతున్నాయి. నేను వివరించబోతుంటే, "మొక్కుబడులే, తెలుసులే" అని కాళ్లున్న రేకు ముందు దణ్నం పెట్టింది.

నాలుగు దాటాక ఊరు చూడాలి. పడవలు వెళ్లగానే దుకాణాలవాళ్లు కుర్చీలు బయటికి లాగి వాళ్లలో వాళ్లే మాట్లాడుకోవడం మొదలుపెడతారు. పెద్ద చెట్ల కింద చౌక్‌లో పిల్లలు బంతాట. మా సెలవంతా నిజానికి ఆ కుర్చీల్లోనే గడిచింది. పగటి పడవలో వచ్చి పోయేవాళ్లు ఈ ఊరిని చూడనట్టే.

చివరిరోజు ఇంటావిడ కొడుకు పాలియోకాస్త్రో అనే పాత కోటగోడ దగ్గరికి తీసుకెళ్లాడు. క్రీస్తుపూర్వం 4వ శతాబ్దానిది. నల్లటి అగ్నిపర్వతపు రాళ్లు, సున్నం లేకుండా పేర్చినవి, సందుల్లో గోరు కూడా దూరదు. గోడ మీద చెక్కిన గ్రీకు అక్షరాలు చూపించి అతను అర్థం చెప్పాడు: ఈ గోడ నుంచి ఐదడుగుల వరకు ప్రజల స్థలం.

అమ్మ రెండోసారి చెప్పించుకుంది. తర్వాత నా ఫోన్ లాక్కుని ఫొటో తీసి, మా పక్కింటి ప్రహరీగోడ గొడవలో ఏడేళ్లుగా కోర్టు చుట్టూ తిరుగుతున్న బాబాయికి పంపింది. కింద ఏం రాయనని నేను అడిగేలోపే చెప్పింది: "రాయి, వీళ్లు రాతి మీదే రాసుకున్నారని."