ఔడాడ్ వేట, మూడో ట్రిప్: ఈసారి కళ్లకు పని

పోయిన ఏడాది రెండుసార్లు పశ్చిమ టెక్సాస్ కొండలకు వెళ్లి ఉత్త చేతులతో తిరిగొచ్చాను. ఈ జనవరి చివర్లో మళ్లీ డేవిస్ మౌంటెన్స్ వైపు, గైడుతో మూడు రోజులు. ఏం మారిందో మర్చిపోకముందే రాసి పెట్టుకుంటున్నాను.

కొత్తగా చదివేవాళ్ల కోసం: ఔడాడ్ అంటే ఉత్తర ఆఫ్రికా రాతి కొండల్లో పుట్టిన అడవి గొర్రె. 1957, 58లలో టెక్సాస్‌లోని పాలో డ్యూరో లోయలో కొన్నింటిని వదిలారు, అవీ, రాంచ్‌ల కంచెలు దాటిపోయినవీ కలిసి ఇప్పుడు పడమటి కొండల నిండా ఉన్నాయి. ఇక్కడి జీవి కాదు కాబట్టి ప్రైవేటు భూమిలో సీజన్ లేదు, ఇన్నే కొట్టాలన్న లెక్కా లేదు. హంటింగ్ లైసెన్స్ మాత్రం ఉండాలి, 1971 సెప్టెంబర్ 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లకు హంటర్ ఎడ్యుకేషన్ (వేట శిక్షణ కోర్సు) కూడా. ఇక్కడి ఎడారి బిగ్‌హార్న్ గొర్రెలు ఒకప్పుడు టెక్సాస్‌లో పూర్తిగా పోతే మళ్లీ తెచ్చి పెంచుకున్నారు. వాటి మేతకు, నీళ్లకు ఈ ఔడాడ్ పోటీ, పైగా న్యుమోనియా అంటిస్తాయి. ఇది తెలిశాకే నాకు ఈ వేట మీద గట్టిగా మనసు నిలిచింది.

మొదటి ట్రిప్‌లో కాళ్లు సహకరించలేదు, రెండోసారి ఆయాసంతో గురి కుదరలేదు. అందుకని ఆగస్టు నుంచి వారానికి నాలుగు రోజులు పన్నెండు కిలోల సంచీ వేసుకుని మెట్లెక్కాను. రేంజ్‌లో బల్ల మీద ఆనించి కాల్చడం మానేసి, యాభై అడుగులు పరిగెత్తి వచ్చి, కూర్చుని, ట్రైపాడ్ మీద పెట్టి కాల్చడం అలవాటు చేసుకున్నాను. 300 గజాల దగ్గర భోజనం ప్లేటంత గురికి పదిలో ఆరు తగిలేవి, డిసెంబర్‌కి తొమ్మిదయ్యాయి. అంతకు మించిన దూరం కాల్చకూడదని అప్పుడే తీర్మానించుకున్నాను.

అసలు తేడా మాత్రం చూపులో వచ్చింది. బైనాక్యులర్‌ని చేత్తో పట్టుకుంటే మన నాడి కొట్టుకోవడానికే బొమ్మ వణుకుతుంది, ట్రైపాడ్‌కి బిగిస్తే కొండ కదలకుండా నిలుస్తుంది. గొర్రె మొత్తం కనపడాలని వెతికితే దొరకదు, దాని రంగూ రాతి రంగూ ఒకటే. కొమ్ము వంపో, కాలి కింద నీడో, చెవి కదలికో, ఏదో ఒక ముక్క కోసం ఒక్కో రాతి అంచునూ వరసగా చూసుకుంటూ పోవాలి. మా తాత మందలో ఏ గొర్రె కుంటుతోందో పొలం ఆ చివర నుంచే చెప్పేవాడు, ఆ మాట అక్కడ చాలాసార్లు గుర్తొచ్చింది.

రెండో రోజు పొద్దున తొమ్మిదింటికి గైడు కంటే ముందు నేనే మందను పట్టాను, పదిహేను దాకా ఉన్నాయి, వెయ్యి గజాల పైనే. గాలి మా వీపు మీద నుంచి అటే పోతోంది, మా వాసన వాటికి తెలిసిపోతుంది. వెనక్కి దిగి, ఎండిన వాగులో చుట్టూ తిరిగి రావడానికి మూడు గంటలు పట్టింది. దారిలో లెచుగియా అనే కలబంద లాంటి ఎడారి మొక్క ముల్లు ప్యాంటులోంచి పిక్కలోకి సూదిలా దిగి విరిగింది (పిక్కలకు కట్టుకునే తొడుగులు, గెయిటర్లు, కారులోనే వదిలేశాను, అది నా తప్పే). చివరికి 260 గజాల్లో మంచి పొట్టేలు, కానీ సరిగ్గా దాని వెనక ఆడగొర్రె. గుండు పొట్టేలులోంచి దూసుకుపోయి దానికీ తగులుతుంది. పన్నెండు నిమిషాలు తుపాకీ సేఫ్టీ మీద వేలుంచి ఎదురుచూశాను, మంద అంచు దాటిపోయింది. గైడు భుజం తట్టాడు. నాకు బాధ అనిపించలేదు.

మూడో రోజు సాయంత్రం 240 గజాలు, వెనక ఖాళీ రాయి. ఈ జంతువు చాలా మొండిది, అందుకే ముందు భుజం మీదే గురి పెట్టమని గైడు ముందే చెప్పాడు. ఒక్క గుండు. ముప్పై అడుగులు నడిచి పడింది. దగ్గరికెళ్లి చూస్తే కొమ్ము మీద ఏటేటి గీతలు వేలికి తగులుతున్నాయి, తొమ్మిది లెక్కపెట్టాను. మెడ కింద నుంచి మోకాళ్ల దాకా వేలాడే జూలులో ముళ్లకాయలు చిక్కుకుని ఉన్నాయి. కాసేపు చెయ్యి అక్కడే ఉంచి కూర్చున్నాను.

మాంసం గట్టిదని చాలామంది పట్టించుకోరు. మేం ఎముకల నుంచి తీసి రెండు విడతల్లో మోసి దించాం. రాత్రంతా పెరుగులో నానబెట్టి, కుక్కర్లో పదకొండు విజిల్స్, ఆ తర్వాత గోంగూర. పిల్లలు రెండోసారి అడిగి వేయించుకున్నారు.

మార్చిలో మళ్లీ వెళ్తున్నాను, ఈసారి ఆడగొర్రెల కోసం. ఖర్చు చాలా తక్కువ, మంద తగ్గాలంటే తగ్గించాల్సిందీ వాటినే. గెయిటర్లు ఇప్పుడే సంచీలో పెట్టేశాను.