లా ఆప్షనల్ వాళ్ళకి: సముద్ర చట్టాన్ని హెర్రింగ్ చేపల గొడవ నుంచి చదవండి

సివిల్స్‌లో లా ఆప్షనల్ తీసుకున్నవాళ్ళు ఇంటర్నేషనల్ లాలో సముద్ర చట్టం దగ్గరికి రాగానే 12 (ప్రాదేశిక సముద్రం), 24 (దాని పక్క జోన్), 200 (ఈఈజెడ్, అంటే ప్రత్యేక ఆర్థిక మండలం) నాటికల్ మైళ్ళు అంటూ బట్టీ మొదలుపెడతారు. రివిజన్ నాటికి ఏది దేనికో కలగాపులగం. ఈ చాప్టర్ నాకు పట్టు చిక్కింది, అసలు తగాదా ఎక్కడ పుట్టిందో చదివాకే. నన్నడిగితే ఆర్టికల్స్ కంటే ముందు చదవాల్సింది అదే.

డచ్చి న్యాయ పండితుడు గ్రోషియస్ 1609లో 'మారే లిబెరమ్' (స్వేచ్ఛా సముద్రం) అచ్చు వేయించాడని, సముద్రం ఎవరి సొత్తూ కాదన్నాడని ప్రతి నోట్స్‌లోనూ ఉంటుంది. అతని గురి పోర్చుగీసుల మీద, తూర్పు దేశాల వ్యాపారం కోసం. కానీ ఉలిక్కిపడింది బ్రిటన్. అదే ఏడాది జేమ్స్ రాజు, తన తీరాల్లో చేపలు పట్టే విదేశీయులు లైసెన్సు తీసుకోవాల్సిందే అని ప్రకటన ఇచ్చాడు. పేరు పెట్టకపోయినా అది డచ్చివాళ్ళకేనని అందరికీ తెలుసు.

ఎందుకంత కడుపుమంట? హెర్రింగ్ వల్ల. మన పులసకు దూరపు చుట్టమే. డచ్చివాళ్ళు పడవ మీదే చేప మొప్పలు, పేగులు ఒక్క కత్తి వేటుతో లాగేసి, క్లోమం మాత్రం లోపలే ఉంచి, ఉప్పు చల్లి పీపాల్లో పొరలు పొరలుగా పేర్చేవాళ్ళు. క్లోమంలోని ఎంజైములే చేపను మెల్లగా పండిస్తాయి. దీంతో ఒడ్డుకు పరుగెత్తే పని లేదు, వారాల తరబడి సముద్రంలోనే ఉండొచ్చు. జూన్ 24 తర్వాతే వల వేయాలని కట్టడి. షెట్లాండ్ దగ్గర మొదలుపెట్టి, చేపల గుంపు వెంటే దక్షిణానికి దిగుతూ, శరదృతువుకి ఇంగ్లాండ్‌లోని యార్మత్ ముందుకొచ్చేవాళ్ళు. అంటే ఇంగ్లీషువాళ్ళ గుమ్మం ముందు పట్టిన చేపను యూరప్ అంతా అమ్మి సొమ్ము చేసుకున్నది డచ్చివాళ్ళు. ఆమ్‌స్టర్‌డామ్ హెర్రింగ్ ముళ్ళ మీద కట్టిన ఊరని సామెత కూడా ఉంది.

జేమ్స్ తరఫున స్కాట్లాండ్ పండితుడు వెల్వుడ్ 1613లో జవాబు రాశాడు. తర్వాత, సముద్రం మీద కూడా రాజ్యానికి హక్కు ఉంటుందని వాదించిన ఇంగ్లీషు పండితుడు సెల్డెన్ 'మారే క్లౌసమ్' (మూసిన సముద్రం) 1635లో వచ్చింది. మరుసటి ఏడాదే చార్లెస్ రాజు నౌకాదళాన్ని పంపి డచ్చి జాలర్ల చేత బలవంతంగా లైసెన్సులు కొనిపించాడు. 1652లో మొదటి ఆంగ్లో-డచ్ యుద్ధం మొదలవగానే అడ్మిరల్ బ్లేక్ ఉత్తరానికి వెళ్ళి, హెర్రింగ్ పడవలకు కాపలాగా వచ్చిన యుద్ధనౌకలను పట్టుకున్నాడు. యుద్ధానికి చేపలొక్కటే కారణమని రాయకండి. 1651 నావిగేషన్ చట్టం, సరుకు రవాణా మీద పోటీ అంతకంటే పెద్ద కారణాలు.

ఆన్సర్‌లో రాయదగ్గ అసలు పాయింట్ వేరే ఉంది. ఉత్తర సముద్రంలో 'ఇది మాది' అన్న ఇంగ్లీషువాళ్ళు, సుగంధ ద్రవ్యాల దీవుల దగ్గర మాత్రం సముద్రం అందరిదీ అన్నారు. డచ్చివాళ్ళు సరిగ్గా రివర్స్. 1613లో లండన్ చర్చల్లో గ్రోషియస్ వాదనలనే ఇంగ్లీషువాళ్ళు డచ్చివాళ్ళకు అప్పజెప్పారు. ఆ డచ్చి బృందంలో గ్రోషియస్ కూడా ఉన్నాడు! ఈ రెండు దేశాల ఈస్టిండియా కంపెనీలే మన మచిలీపట్నంలోనూ పక్కపక్కన కోఠీలు పెట్టుకున్నాయి కాబట్టి, ఇండియన్ హిస్టరీలో యూరోపియన్ల రాక చదివేటప్పుడు దీన్ని కలుపుకోండి.

నా నోట్స్‌లో ఈ చాప్టర్‌కి ఒక్క పేజీయే. ఎడమ పక్క సెల్డెన్, కుడి పక్క గ్రోషియస్, మధ్యలో రాజీలు: తీరదేశం హక్కు ఎంతవరకు అంటే 1702లో డచ్చి పండితుడు బింకర్‌షూక్ చెప్పిన ఫిరంగి గుండు దూరం, తర్వాత మూడు మైళ్ళు, 1982 ఐరాస సముద్ర చట్ట ఒప్పందంలో 12. ఆ ఒప్పందంలోని ఆర్టికల్ 87 (బహిరంగ సముద్రంలో స్వేచ్ఛ) గ్రోషియస్ కింద, 57 (200 మైళ్ళ ఈఈజెడ్) సెల్డెన్ కింద. మన 1976 మారిటైమ్ జోన్స్ చట్టంలోని 3 (ప్రాదేశిక సముద్రం), 7 (ఈఈజెడ్) సెక్షన్లు కూడా ఎడమ పక్కకే.

'ఈఈజెడ్ సెల్డెన్ గెలుపేనా?' అనే తరహా ప్రశ్న వస్తే ఆర్టికల్ 62(4) వదలకండి. తీరదేశం తన ఈఈజెడ్‌లో చేపలు పట్టే విదేశీ పడవలకు లైసెన్సు పెట్టొచ్చు, ఫీజు కూడా తీసుకోవచ్చు. 1609లో జేమ్స్ అడిగింది దాదాపు ఇదే. పక్కనే 62(2) కూడా రాయాలి: తాను పట్టుకోలేని మిగులును ఇతర దేశాలకు ఒప్పందాల ద్వారా ఇవ్వాలి. ఈ రెండూ ఒకే పేరాలో పెడితే ఆన్సర్ ఒక వైపుకి ఒరిగిపోదు.