శని, ఆదివారాల రౌతులం

వారమంతా కుర్చీలో కూర్చుని శనివారం పొద్దున్నే జీనులో కూర్చునే మాలాంటివాళ్ళని తెలిసినవాళ్ళందరూ అడిగే ప్రశ్న ఒకటే. "ఇప్పుడు దౌడు తీయిస్తున్నారా, కంచెలు దూకిస్తున్నారా?" అని. ఇంకా ట్రాట్ (నడకకూ దౌడుకూ మధ్య ఉండే మోస్తరు పరుగు) దగ్గరే ఉన్నాం అని చెబితే, మరి ఇన్నాళ్ళూ ఏం నేర్చుకున్నట్టు అన్నట్టు ఒక చూపు చూస్తారు. మా బ్యాచ్‌లో పోటీలకు వెళ్ళేవాళ్ళు ఎవరూ లేరు. బ్యాంకులో పనిచేసే ఒకాయన, ఒక టీచర్‌గారు, ఒక కాలేజీ అమ్మాయి, నేను. వారానికి రెండు రోజులు మాత్రమే ఎక్కేవాళ్ళు తాము ఎంతవరకు వచ్చామో వేగంతోనో, దూకిన ఎత్తుతోనో కొలుచుకోకూడదని నాకు ఈమధ్య గట్టిగా అనిపిస్తోంది. ఐదు రోజుల ఖాళీ తర్వాత గుర్రం నేర్చుకున్నది దాదాపు ఎక్కడ వదిలామో అక్కడే ఉంటుంది, దాని జ్ఞాపకశక్తి అలాంటిది. వెనక్కి జారేది మనమే. నడుము, తొడలు, మడమలు సోమవారం సాయంత్రానికే అన్నీ మర్చిపోతాయి. అందుకే మా దగ్గర శనివారం అంటే పోయిన ఆదివారం దాకా తిరిగి రావడానికి, అంతే. కొత్తది ఏదైనా ఉంటే ఆదివారమే.

గుర్రం సంగతి పూర్తిగా అలా కాదులెండి. దాని బుర్ర మర్చిపోకపోయినా ఒళ్ళు మాత్రం ఖాళీకి బిగుసుకుంటుంది. పూర్వం బరువు బండ్లు లాగే గుర్రాలకు ఆదివారం సెలవు ఇచ్చేవాళ్ళు కానీ దాణా మాత్రం పనిరోజుల్లో పెట్టినంతే పెట్టేవాళ్ళు. సోమవారం బండికి కట్టిన కాసేపటికే కొన్ని గుర్రాలకు పిరుదుల కండరాలు బిగిసిపోయి, చెమటలు కారుతూ, అడుగు తీసి అడుగు వేయలేక నిలబడిపోయేవి, కొన్నిటికి మూత్రం కూడా ముదురు రంగులో వచ్చేది. దానికి మండే మార్నింగ్ డిసీజ్ అనే పేరే పడింది. మన విషయంలో అదే కథ శనివారానికి మారుతుంది, పైగా సెలవు ఒక్క రోజు కాదు, ఐదు రోజులు. గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదు అన్నట్టు ఖాళీ రోజుల్లో కూడా ప్రేమతో గింజలు దట్టించేవాళ్ళు ఉంటారు, దయచేసి అది ఆపండి. తగ్గించాల్సింది గింజలే, గడ్డి కాదు. దాని బరువులో కనీసం ఒకటిన్నర శాతం ఎండుమేత రోజూ పడాలి, అంటే 450 కిలోల గుర్రానికి దాదాపు 7 కిలోలు. కడుపు నొప్పి వస్తే వాంతి చేసుకుని తేలికపడే వీలు గుర్రానికి లేదు, కాబట్టి మేత మార్పులు ఏవైనా నెమ్మదిగానే. ఒకవేళ స్వారీ మధ్యలో వెనక కండరాలు బిగిసినట్టు అనిపిస్తే నడిపించి సరిచేద్దామని చూడకండి, అక్కడికక్కడే ఆపి డాక్టరుకు ఫోన్ చేయండి.

అందుకని శనివారం మొదటి గంట జీనే ఉండదు. మాలిష్, జూలు దువ్వడం, నాలుగు కాళ్ళూ పైనుంచి కిందికి అరచేత్తో తడమడం. ఒక కాలు మిగతావాటికన్నా వెచ్చగా తగిలితే ఆ రోజు ప్లాను అక్కడితో మారిపోయినట్టే. తర్వాత గిట్టలు. గిట్ట అడుగున మడమ వైపు నుంచి ముందుకు మూడు మూలల ఆకారంలో మెత్తగా ఒక భాగం ఉంటుంది, దాని పక్క గాళ్ళలో తడి మట్టి, పేడ ఇరుక్కుని కుళ్ళడం మొదలైతే నల్లగా జిగురుగా, మనిషి ముక్కు మూసుకునేంత వాసన వస్తుంది. టీచర్‌గారికి ఈ వాసన పట్టడంలో మంచి పేరు. గిట్ట ఎత్తి వంగి వాసన చూసి, "ఇది బాగానే ఉంది", "దీనికి మందు కావాలి" అని తేల్చేస్తారు. మొదట్లో ఆవిడ గుర్రం వెనక కాలు ఎత్తాలంటేనే భయపడేవారు. నన్నడిగితే అసలైన ప్రోగ్రెస్ అది, కానీ ఇలాంటివి ఎవరూ వీడియో తీయరు.

రౌతు మెత్తనైతే గుర్రం మూడు కాళ్ళ మీద నడుస్తుందనే సామెత మాకు వారానికి ఒకరైనా వినిపిస్తారు. గట్టిగా ఉండండి, రెండు తగిలించండి అని దాని అర్థం అనుకుంటారు. నేననేది, గుర్రం నిజంగానే మూడు కాళ్ళ మీద నడుస్తుంటే ముందు నాలుగో కాలు చూడండి బాబూ! పగ్గం పట్టుకుని మనం పక్కన పరిగెడుతూ గట్టి నేల మీద ట్రాట్ చేయిస్తే తెలిసిపోతుంది, ముందు కాలు నొప్పిగా ఉంటే ఆ కాలు నేలకు ఆనినప్పుడు తల పైకి ఎత్తుతుంది, బాగున్న కాలు ఆనినప్పుడు దించుతుంది. మొండితనం అని మనం పేరు పెట్టేవాటిలో చాలా వాటికి వెనకాల సరిపడని జీనో, పళ్ళ నొప్పో, కాళ్ళ నొప్పో ఉంటుంది.

ఇక ఈ వారం బ్యాంకు సార్ గురించి చెప్పాలి. ఆయన ఎక్కేది నుదుటి మీద తెల్ల మచ్చ ఉన్న చుక్కి అనే ఆడగుర్రం, ఓపికమంతురాలు. ట్రాట్‌లో గుర్రం ఎదురెదురు మూలల కాళ్ళు జతగా వేస్తుంది, ముందు కుడి కాలితో వెనక ఎడమ, ముందు ఎడమతో వెనక కుడి. ఆ రెండు దెబ్బల లయలో ఒకదానికి మనం జీను నుంచి లేచి రెండోదానికి కూర్చుంటాం. వలయంలో తిరిగేటప్పుడు బయటివైపు ముందు కాలు ముందుకు వెళ్ళినప్పుడు లేవాలి, అప్పుడు లోపలివైపు వెనక కాలు మన బరువు లేకుండా ముందుకు వస్తుంది. దిశ మారితే ఒక దెబ్బ అదనంగా కూర్చుని మార్చుకోవాలి. చెప్పడానికి రెండు వాక్యాలు, ఒంటికి పట్టడానికి నెలలు. సార్ ఎప్పుడూ మెడ వంచి చుక్కి భుజం వంకే చూస్తారు, ఆయన తల ముందుకు వాలగానే ఆయన బరువంతా దాని ముందు కాళ్ళ మీద పడుతుంది, అది మెల్లగా లోపలికి వాలిపోయి వలయం కాస్తా కోడిగుడ్డు అవుతుంది. "సార్, కిందికి చూడకండి, ఎదురుగా ఆ స్తంభం చూడండి," అని మా మాస్టారు అరుస్తూనే ఉంటారు. ఈ శనివారం మాస్టారు పద్ధతి మార్చి, కళ్ళు మూసుకోమని చెప్పి పొడుగు తాడు తన చేతిలో పట్టుకుని చుట్టూ తిప్పించారు. మొదట సార్ మొహం చూడాలి, పూర్తి టెన్షన్. నాలుగైదు చుట్లయ్యాక, కళ్ళు మూసుకునే ఉన్నాయి, మధ్యలో ఒక్కసారి ఆగినట్టు కూర్చుని లయ మార్చుకున్నారు. ఎవరూ చెప్పలేదు. నేలకు ఏ కాలు ఆనుతోందో ఆయనకు సీటు కింద తెలిసిపోయింది! చుక్కి ఫుర్రుమని ముక్కులోంచి గాలి వదిలి మెడ దించేసింది. మళ్ళీ కళ్ళు తెరవగానే మళ్ళీ భుజం వంకే చూశారనుకోండి, అది వేరే సంగతి.

టీచర్‌గారి సమస్య ఇంకోటి. ఆవిడ గుర్రం వయసైన గెల్డింగ్ (విత్తులు తీసిన మగగుర్రం), నోరు మొద్దుబారింది. ఎన్నేళ్ళుగానో ఎవరెవరో లాగిన పగ్గాలు. ఆవిడ ఆపడానికి లాగితే అదీ ఎదురు లాగుతుంది, 450 కిలోలకూ 60 కిలోలకూ పోటీ పెడితే ఎవరు గెలుస్తారో తెలిసిందే కదా. గుర్రానికి పాఠం ఒత్తిడిలో ఉండదు, ఒత్తిడి తీసేసిన క్షణంలో ఉంటుంది. మనం అడిగింది ఒక్క రవ్వంత చేసినా వెంటనే చెయ్యి మెత్తబడాలి, ఆలస్యం చేస్తే దేనికి మెచ్చుకున్నామో దానికి అర్థం కాదు. కాబట్టి రెండు రోజులూ ఆవిడ చేసిందల్లా నడక, ఆగడం, నడక, ట్రాట్, నడక, ఆగడం. ముందు ఊపిరి వదిలి నడుము బరువుగా చేయడం, అప్పటికీ వినకపోతే పగ్గం బిగించడం, వినగానే వదలడం. చూసేవాళ్ళకు పరమ బోరు. ఆదివారం చివరికొచ్చేసరికి ఊపిరి వదలగానే ఆగడం మొదలుపెట్టింది, ప్రతిసారీ కాదు, కానీ ఎక్కువసార్లు. ఆవిడ క్యాంటర్ (ట్రాట్ తర్వాతి వేగం) ఎప్పుడని అడగడం మానేశారు. ఇది నాకు ఇంకా పెద్ద విషయం.

కాలితో గట్టిగా తన్నకపోతే గుర్రం కదలదు అనేవాళ్ళకు నేను లిస్ హార్టెల్ కథ చెబుతుంటాను. డెన్మార్క్ ఆవిడ. పోలియో వల్ల మోకాళ్ళ కింద కాళ్ళు పనిచేసేవి కావు, గుర్రం ఎక్కాలన్నా దిగాలన్నా ఎవరో సాయం పట్టాల్సిందే. 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో డ్రెస్సాజ్‌లో (రౌతు సైగలకు గుర్రం ఎంత చక్కగా అడుగులు వేస్తుందో చూసే పోటీ) మహిళలకు మొదటిసారి అవకాశం ఇచ్చారు, అంతవరకు అది మగవాళ్ళదే, ఎక్కువగా సైనికాధికారులదే. ఆ మొదటిసారే మగవాళ్ళతో పోటీపడి ఆవిడ వెండి పతకం తెచ్చుకున్నారు. మనం రెండు కాళ్ళతో డొక్కలో దరువు వేస్తూ "కదలట్లేదండీ" అంటాం.

కాలేజీ అమ్మాయి చురుకైనది, కానీ ఆమె గుర్రం అంతకన్నా చురుకు. గోడ పక్కన రెపరెపలాడే ప్లాస్టిక్ పట్టా ఒకటి వారాలుగా దాన్ని వేధిస్తోంది. గుర్రం కళ్ళు తల పక్కల ఉంటాయి కాబట్టి చుట్టూ దాదాపు అంతా కనిపిస్తుంది, సరిగ్గా నుదుటి ముందు కొంచెం, తోక వెనకాల కొంచెం తప్ప. ఎడమవైపు నుంచి చూసి సరేననుకున్న వస్తువే తిరిగి వచ్చేటప్పుడు కుడివైపు నుంచి కొత్తదిగా కనిపించొచ్చు. దీనికి తోడు రౌతు భయం. 20వ శతాబ్దం మొదట్లో జర్మనీలో క్లెవర్ హాన్స్ అనే గుర్రం లెక్కలు చేస్తుందని, సమాధానం గిట్టతో కొట్టి చెబుతుందని పెద్ద పేరు. 1907లో ఆస్కార్ ఫుంగ్స్ట్ అనే పరిశోధకుడు తేల్చింది ఏంటంటే, దానికి లెక్కలు రావు, సరైన అంకె రాగానే ఎదుటి మనిషికి తెలియకుండానే ఒంట్లో వచ్చే చిన్న మార్పు చూసి అది కొట్టడం ఆపేస్తుంది. ఎదురుగా నిలబడ్డవాళ్ళ తల కదలికనే పట్టేసే జంతువుకు వీపు మీద కూర్చున్న మనిషి తొడలు బిగిస్తే తెలియదా? ఈ అమ్మాయి పట్టా ఇంకా పది గజాలు ఉండగానే పగ్గాలు కురచ చేసేది. ఈసారి పగ్గాలు పొడుగ్గా వదిలి పక్కనున్న నాతో సినిమా కబుర్లు చెబుతూ వెళ్ళమన్నారు మాస్టారు. గుర్రం చెవి ఒకటి పట్టా వైపు, ఒకటి మా కబుర్ల వైపు తిప్పి, కొంచెం వంకరగా, కానీ నడుస్తూనే దాటింది. ఒక వైపు నుంచి మాత్రమే. రెండో వైపు బాకీ ఉంది.

ఆదివారం నేల మీద దుంగలు పరిచాం. ట్రాట్‌కు ఒకదానికొకటి 1.3 మీటర్ల దూరం, మా గుర్రాల అంగకు అది సరిపోయింది, పొట్టి గుర్రమైతే ఇంకా దగ్గరగా జరపాలి. మా వాడు (నేనెక్కే గుర్రం, ఎరుపు రంగు, బద్ధకం ఎక్కువ) మొదటి దుంగను టక్కున తన్నాడు, రెండోసారి నుంచి వెనక కాళ్ళు బాగా ఎత్తి వేశాడు, వీపు నా కింద పైకి ఉబ్బినట్టు తెలిసింది. దుంగలు దూకడానికి కాదు, కాళ్ళు ఎక్కడ వేస్తున్నాడో వాడు చూసుకోవడానికి. అది తెలిశాక ఎత్తు మీద మోజు కొంత తగ్గుతుంది.

దిగాక నాడి చూడటం ఈమధ్య మొదలుపెట్టిన అలవాటు, ఇది అందరికీ గట్టిగా చెబుతాను. దవడ ఎముక కింద అంచున వేళ్ళు ఆనిస్తే రక్తనాళం జారుతూ దొరుకుతుంది. విశ్రాంతిలో నిమిషానికి 28 నుంచి 44 మధ్య ఉండాలి. పని ఆపిన పది నిమిషాలకు ఎంతకు దిగిందో పుస్తకంలో రాసుకుంటున్నాం. చాలా ఎండ్యూరెన్స్ పోటీల్లో (దూరాల స్వారీ పోటీలు) 64కు దిగితేనే తర్వాతి దశకు వెళ్ళనిస్తారు. మా గుర్రాలు చేసేది అందులో పిసరంత కాబట్టి పది నిమిషాల్లో 60 లోపు రాకపోతే మేం ఎక్కువ చేయించినట్టే లెక్క. అదే పనికి నెల కిందటికన్నా త్వరగా దిగుతోందంటే గుర్రం ఫిట్‌నెస్ పెరిగింది. దౌడు తీశారా అని అడిగేవాళ్ళకు నేను ఇప్పుడు ఈ పుస్తకమే చూపిస్తున్నాను, వాళ్ళకు ఏమీ అర్థం కాదు, అదొక సరదా.

వయసు మీరాక ఇదంతా ఎందుకని ఇంట్లో అనిపించుకునేవాళ్ళకు ఒక మాట. జపాన్‌కు చెందిన హిరోషి హోకెట్సు 1964 టోక్యో ఒలింపిక్స్‌లో గుర్రం మీద పోటీ చేశారు, మళ్ళీ 2012 లండన్‌లో 71 ఏళ్ళ వయసులో చేశారు. మధ్యలో ఉద్యోగం చేసుకున్నారు. ఇది మా బ్యాంకు సార్ ఫోన్‌లో సేవ్ చేసుకుని అందరికీ చూపిస్తున్నారు.

వచ్చే శనివారం మాత్రం స్వారీ సగమే. నాడాలు మార్చి ఏడో వారం నడుస్తోంది, మామూలుగా ఆరు నుంచి ఎనిమిది వారాల్లో మార్చాలి, మా వాడి ముందు ఎడమ నాడా అప్పుడే కొంచెం వదులైంది కూడా. నాడాలు కొట్టే ఆయన వచ్చి వెళ్ళాక జీను లేకుండా నడిపించి చూస్తాం, అడుగు సమంగా పడితే ఆదివారం మళ్ళీ దుంగలు. కాలేజీ అమ్మాయి ప్లాస్టిక్ పట్టాను కుడివైపు నుంచి దాటిస్తానంటోంది, కబుర్లకు నేను సిద్ధం.