అబ్జర్వర్‌కు వినపడని మార్పులు

పీహెచ్‌పీ వెబ్ ఫ్రేమ్‌వర్క్ అయిన లారవెల్‌లో ఆర్డర్ నమోదు కాగానే రసీదు పంపడం, దాని స్థితి మారితే చరిత్ర పట్టికలో ఒక వరుస రాయడం వంటి పనులను వెబ్ అభ్యర్థనలను అందుకునే కంట్రోలర్లలో చెల్లాచెదురుగా వదలకుండా నేను ఒక అబ్జర్వర్ క్లాసులో, అంటే వరుసలో మార్పు జరిగేటప్పుడు దానంతటదే నడిచే కోడులో, ఉంచుతాను. అందులోని ‘క్రియేటింగ్’ మెథడ్ డేటాబేసులో రాయడానికి ముందు, ‘క్రియేటెడ్’ రాసిన తరువాత నడుస్తాయి. మొదటిది ‘ఫాల్స్’ తిరిగి ఇస్తే ఆ వరుస అసలు చేరదు.

నన్ను బాగా ఇబ్బంది పెట్టినది ట్రాన్సాక్షన్, అంటే అన్నీ కలిసి నెగ్గాలి లేదా అన్నీ రద్దు కావాలి అనే క్వెరీల గుంపు. ఒకసారి ఆర్డర్ వరుస చేరి, ‘క్రియేటెడ్’ నడిచి, రసీదు వెళ్లిపోయిన మరుక్షణమే సరుకు నిల్వను తగ్గించే క్వెరీ విఫలమై అంతా రోల్‌బ్యాక్ అయింది, అంటే రాసినదంతా రద్దయింది. డేటాబేసులో లేని ఆర్డరుకు రసీదు అందుకున్న మనిషికి ఫోన్ చేసి క్షమాపణ చెప్పుకోవలసి వచ్చింది. అప్పటినుంచి, బయటికి సందేశం పంపే ప్రతి అబ్జర్వర్‌కూ ‘షుడ్‌హ్యాండిల్‌ఈవెంట్స్‌ఆఫ్టర్‌కమిట్’ ఇంటర్‌ఫేస్‌ను తప్పకుండా జోడిస్తున్నాను. దానివల్ల ట్రాన్సాక్షన్‌లో ఉన్నప్పుడు అబ్జర్వర్ మొత్తం అది కమిట్ అయిన, అంటే ఖరారైన, తరువాతే నడుస్తుంది కనుక, రాయకముందే ఆపవలసిన తనిఖీలను వేరే క్లాసులో పెట్టాలి.

‘వేర్’ షరతు పెట్టి ఒకే క్వెరీతో వందల వరుసలను ‘అప్‌డేట్’ చేసినప్పుడు మాత్రం ఒక్కో వరుసకు ప్రతినిధిగా ఉండే మోడల్ వస్తువులు తయారే కావు, అందువల్ల ‘అప్‌డేటెడ్’ నడవదు. చరిత్ర తప్పనిసరి అయిన చోట, కొంత ఆలస్యమైనా సరే, నేను వరుసలను విడతలుగా తెచ్చి ఒక్కొక్కటిగా ‘సేవ్’ చేస్తాను.