మా కెమెరా మాదేనని నిరూపించుకున్న కథ

నిన్న సాయంత్రమే శ్రీకాకుళంలో నాన్న ఇంట్లో కొత్త కెమెరాలు పెట్టించి విజయనగరం తిరిగొచ్చేను. కోపం చల్లారకముందే రాసేస్తున్నా, చల్లారితే మరీ మర్యాదగా రాసేస్తానని నా భయం.

అమ్మ పోయాక నాన్న ఒక్కరే అరసవల్లి వెళ్ళే దారిలో మా పాత ఇంట్లో ఉంటారు. మా దగ్గరికి వచ్చేయమంటే "అక్కడ నాకేటి పనమ్మా" అంటారు. అందుకని తమ్ముడూ నేనూ చెరి సగం వేసుకుని వరండాలో ఒక వైఫై కెమెరా పెట్టించాం, ఆ గుండ్రంగా తిరిగేది. కొనడం, బిగించడం ఒక్క పూటలో అయిపోయాయి. షాపు కుర్రాడు బాగానే మాట్లాడేడు, నాన్న ఇచ్చిన టీ కూడా తాగేడు.

తర్వాత మొదలయ్యింది. చీకటి పడితే కెమెరాలో ఇన్‌ఫ్రారెడ్ లైట్లు (చీకట్లో చూడ్డానికి) వెలుగుతాయి, చుట్టూ పురుగులు చేరతాయి, పురుగుల కోసం సాలీడు చేరుతుంది, అది లెన్స్ ముందే గూడు కడుతుంది. గూడు గాలికి ఊగినప్పుడల్లా నా ఫోన్‌కి "మనిషి కదలిక గుర్తించాం" అని మెసేజ్. అర్ధరాత్రి గుండె జారిపోయి చూస్తే సాలీడు కాలు! నాన్న వారానికోసారి చీపురుతో దులిపేవారు, దులిపిన ప్రతిసారీ కెమెరా మొహం గోడ వైపు తిరిగిపోయేది. కరెంటు పోయి వస్తే ఒకోసారి దానంతటదే కలిసేది, ఒకోసారి ఎవరైనా ప్లగ్గు పీకి పెట్టాలి. మెమరీ కార్డు 32 జీబీ వేసి "వారం రికార్డింగ్ ఉంటాది మేడం" అన్నాడు షాపు కుర్రాడు ఫోన్లో. నేను లెక్కల టీచర్ని, నాతోనా! వీడియోకి సెకనుకి ఒకటిన్నర మెగాబిట్లు అనుకున్నా రోజుకి 16 జీబీ దాటుతుంది, అంటే 32 జీబీ రెండు రోజులకి సరి. అదే చెప్తే "కంపెనీ వాళ్ళు వారం అని చెప్పేరు మేడం" అని నవ్వేడు.

ఇవన్నీ సర్దుకుపోయాం. సిరిమాను పండక్కి నాన్న విజయనగరం మా ఇంటికి వచ్చినప్పుడు అక్కడ ఇల్లు తాళం. సరిగ్గా అప్పుడే పెరట్లో కొబ్బరికాయలన్నీ ఎవరో దింపుకుపోయారు. నేను ఫోన్ తెరిచి చూస్తే ఆఫ్‌లైన్, మధ్యలో ఒక సున్నా గిరగిరా తిరుగుతోంది. కారణం ఏంటంటే పండక్కి ముందే ఇంటర్నెట్ వాళ్ళు పాత రూటర్ తీసేసి కొత్తది పెట్టేరు. వైఫై పేరు మారింది, పాస్‌వర్డ్ మారింది, కెమెరా ఇంకా పాత పేరే వెతుక్కుంటోంది. (ఇక్కడ ఒక చిట్కా, నాకు ఒక్కడంటే ఒక్కడూ ముందు చెప్పలేదు: కొత్త రూటర్‌కి పాత పేరు, పాత పాస్‌వర్డ్ అక్షరం పొల్లు పోకుండా పెట్టేస్తే కెమెరా దానంతటదే కలుస్తుంది. మాకు పాత పాస్‌వర్డ్ తెలిస్తే కదా, అది కూడా ఆ కుర్రాడే పెట్టేడు.)

సరే కదా అని కెమెరాని రీసెట్ కొట్టి నా ఫోన్‌తో కొత్తగా కలపబోయేను. ఇలాంటి చవక కెమెరాలు చాలా వరకు 2.4 గిగాహెర్ట్జ్ వైఫై మీదే నడుస్తాయి, కొత్త రూటర్లు 2.4, 5 రెండూ ఒకే పేరుతో ఇస్తాయి, అందుకని ముందు కలవలేదు. 5 ఆపేసేక కెమెరాని గుర్తు పట్టింది. హమ్మయ్య అనుకునే లోపల స్క్రీన్ మీద, ఈ పరికరం వేరే అకౌంట్‌కి అనుసంధానమై ఉంది, ఆ యజమానిని తొలగించమని అడగండి, అని వచ్చింది.

యజమాని ఎవరు? నాన్నది బటన్ల ఫోన్, నేను ఆ రోజు స్కూల్లో ఉన్నా. కుర్రాడు తన నంబరుతో అకౌంట్ తెరిచి, కెమెరా తన పేరున పెట్టుకుని, నాకు చూసే వీలు మాత్రం షేర్ చేసేడు. అంటే ఇన్నాళ్ళూ మా నాన్న వరండాలో లుంగీ కట్టుకుని పేపర్ చదవడం, మందులేసుకోవడం, ఎవరొచ్చేరు ఎవరెళ్ళేరు, అన్నీ వాడి ఫోన్లో. మేమే షేర్లో చూస్తున్న చుట్టాలం. షాపుకి ఫోన్ చేస్తే "ఆ అబ్బాయి మానేసి చెన్నై ఎల్లిపోనాడండి, నంబరు మార్చేసినాడు" అన్నారు.

కస్టమర్ కేర్‌కి చేస్తే ముందు మిషను మాట్లాడింది, తర్వాత మనిషి మాట్లాడేడు, ఇద్దరూ ఒకే మాట: మెయిల్ పెట్టండి. పెట్టేను. బిల్లు పంపమన్నారు. మా బిల్లు కచ్చా కాగితం, "కెమెరా 1" అని పెన్నుతో రాసిందే, సీరియల్ నంబరు లేదు, జీఎస్టీ లేదు. విశాఖ సర్వీస్ సెంటర్‌కి నేరుగా వెళ్తే పని అవుతుందని తమ్ముడు అన్నాడు. సెలవు పెట్టి పాసింజర్ ఎక్కేను.

అక్కడ కౌంటర్లో ఇరవై రెండేళ్ళ కుర్రాడు. కెమెరా అటూ ఇటూ తిప్పి, సీరియల్ నంబరు కొట్టి, "ఇది మీ పేరు మీద లేదు మేడం" అన్నాడు. అందుకే వచ్చేను బాబూ అన్నా. "మీ హస్బెండ్ నంబరు మీద ఉందేమో అడగండి, సాధారణంగా మగవాళ్ళే చేసుకుంటారు." కాదన్నా. "మీ అబ్బాయి?" కాదన్నా. అప్పుడు కుర్చీలో వెనక్కి వాలి, వెనకాల లైన్లో ఉన్నవాళ్ళందరికీ వినబడేలా, "అదేం లేదు మేడం, మాకు చోరీ ఐటమ్స్ కూడా వస్తుంటాయి, ఎవరు తెస్తే వాళ్ళకి విప్పి ఇచ్చేయలేం కదా" అన్నాడు.

నాకు మాట రాలేదు. ఇరవై ఏళ్ళ పైన పిల్లలకి చదువు చెప్పిన దాన్ని, ఎన్నికల డ్యూటీలో పోలింగ్ బూత్ నా చేతుల మీద నడిచింది, ఇక్కడ రెండు వేల రూపాయల ప్లాస్టిక్ గుడ్డు పట్టుకుని దొంగలా నిలబడ్డా. వెనకాయన ఒకరు "పోనీ లెండమ్మా, ఆధార్ ఉంటే చూపించండి" అన్నారు సాయం చేస్తున్నట్టు. ఆధార్ చూపించేను, ఉద్యోగం ఐడీ చూపించేను, నాన్న వరండాలో కెమెరా బిగించి ఉన్న ఫొటో చూపించేను. వాడు ఫొటో చూసి "ఇందులో సీరియల్ నంబరు కనబడట్లేదు" అన్నాడు. గోడకి బిగించిన కెమెరా వీపు మీద నంబరు ఫొటోలో ఎలా కనబడుతుంది? పై ఆఫీసరుతో మాట్లాడతానన్నా. ఆయన లంచ్‌కి వెళ్ళేరు. లంచ్ నుంచి వచ్చేరు, మీటింగ్‌లో ఉన్నారు. చివరికి ఒక కాగితం ఇచ్చి ఫిర్యాదు రాసిమ్మన్నారు, ఇంగ్లీషులోనే. రాసి ఇచ్చేను, వాడు చదివి "ఓనర్ స్పెల్లింగ్ కరెక్టేనా" అని పక్క వాణ్ణి అడిగేడు. నా ముందే!

కెమెరాని అలా ఒకే అకౌంట్‌కి కట్టేయడం వెనక న్యాయం ఉంది, కాదనను. దొంగ ఎత్తుకుపోయినా వాడుకోలేడు. కానీ మన ఊళ్ళలో ఎన్ని పనులు ఎవడి నంబరు మీదో నడుస్తున్నాయో చూడండి. గ్యాస్ బుకింగ్ పక్కింటి వాళ్ళ నంబరు, బ్యాంకు ఖాతాకి మీసేవ కుర్రాడి నంబరు, పెన్షన్‌కి మనవడి నంబరు, వాడు సిమ్ మార్చేస్తే ముసలాళ్ళ ప్రాణం మీదకి. చేసిపెట్టేవాడు మంచోడే కావచ్చు, కానీ ఓటీపీ ఎవడికొస్తే సొమ్ము వాడిది. మా స్టాఫ్ రూములో ఇదే చెప్తే అందరూ వెంటనే ఫోన్లు తీసి ఎవరి గ్యాస్ ఎవరి నంబరు మీదుందో చూసుకోవడం మొదలెట్టేరు.

కంపెనీ వల్ల పని అవలేదు. అయ్యింది ఎలాగంటే, నాన్న దగ్గరికి పాలు పోసే ఆవిడకి ఆ షాపు కుర్రాడి అమ్మ తెలుసట. సాయంత్రానికి చెన్నై నంబరు వచ్చింది. చేస్తే వాడు ఏ బెరుకూ లేకుండా "అయ్యో అప్పా, ముందే చెప్పొచ్చు కదా, నా ఫోన్లో ఇలాటివి చాలా ఇళ్ళు ఉన్నాయి" అని ఒక్క నిమిషంలో తీసేసేడు. చాలా ఇళ్ళట! ఆ ఇళ్ళవాళ్ళకి తెలుసా అని అడిగితే నెట్‌వర్క్ సరిగ్గా లేదన్నాడు.

కెమెరా నా పేరుకి వచ్చింది, కొద్ది రోజులకే కార్డు ఎర్రర్ చూపించి రికార్డింగ్ ఆగిపోయింది. రాత్రీ పగలూ రాస్తూనే ఉంటే ఫోన్లో వేసే మామూలు కార్డు అరిగిపోతుంది, దానికి హై ఎండ్యూరెన్స్ అని వేరే రకం వేయాలి. వేయలేదు, ఇక చాలనుకున్నా.

ఈసారి నేనే దగ్గరుండి ఎంచేను. వైఫై వద్దు, వైరు. ఒక డీవీఆర్ (కెమెరాల వీడియో రికార్డు చేసే పెట్టె), వరండాకొకటి పెరటికొకటి 2.4 మెగాపిక్సెల్ బుల్లెట్ కెమెరాలు, 1 టీబీ హార్డ్ డిస్క్, కెమెరాలన్నిటికీ కరెంటిచ్చే ఒక ఎస్ఎంపీఎస్ పెట్టె. ఇంటర్నెట్ పోయినా ఇంట్లో రికార్డింగ్ ఆగదు, నాకు కావలసింది అదే. "నెల వస్తాది మేడం" అన్నాడు ఈ కుర్రాడూ. కెమెరాకి సెకనుకి 2 మెగాబిట్లంటే రోజుకి 21.6 జీబీ, రెండిటికీ 43, మూడు వారాలు దాటితే గొప్ప అన్నా. డీవీఆర్ తెరిచి చూస్తే నా లెక్కే. వైరు దగ్గర మాత్రం గట్టిగా పట్టుబట్టండి, 3+1 కేబుల్లో (బొమ్మకీ కరెంటుకీ కలిపి వచ్చే వైరు) అసలు రాగి కాకుండా రాగి పూత పూసిన చవకది అంటగడతారు, దూరం పెరిగితే రాత్రి లైట్లు వెలిగినప్పుడు కరెంటు చాలక బొమ్మ మినుకుమంటుంది. షాపులో ఒకాయన "పాత స్టాక్, సగం రేటుకిస్తా" అన్నాడు. సీసీ కెమెరాలకి భద్రతా పరీక్ష సర్టిఫికెట్ 2025 ఏప్రిల్ 9 నుంచి తప్పనిసరి చేసేరు, మరి దీనికి ఉందా అని అడిగితే పక్క కస్టమర్‌తో మాటల్లో పడ్డాడు. ఏ కంపెనీది కొన్నానో చెప్పను, చెప్తే ప్రమోషన్ అంటారు. వైరింగుతో కలిపి 14 వేల లోపు అయ్యింది, సీరియల్ నంబర్లతో సహా పక్కా బిల్లు.

పాస్‌వర్డ్ పెట్టే చోట కుర్రాడు అలవాటుగా తనే కొట్టబోయేడు. మౌసు ఇలా ఇవ్వమన్నా. "అందరికీ అడ్మిన్ వన్ టూ త్రీయే పెడతాం మేడం, మర్చిపోరు" అన్నాడు. గుమ్మం వైపు చూడమని చెప్పి నేనే కొట్టేను, యాప్‌లో నా నంబరుతోనే కలిపి తమ్ముడికి షేర్ ఇచ్చేను. నాన్న ఇదంతా చూసి "ఆ కుర్రోణ్ణి మరీ దొంగలా సూడకమ్మా" అన్నారు. విశాఖలో నన్ను చూసినట్టే కదా నాన్నా అన్నా.

ఇంకా రూటర్‌కి 12 వోల్టుల చిన్న యూపీఎస్ ఒకటి కొనాలి, కరెంటు పోయినప్పుడు ఫోన్లో కనబడాలంటే అదీ, డీవీఆర్‌కీ కెమెరాలకీ ఇన్వర్టర్ లైనూ రెండూ ఉండాలి. ఎలక్ట్రీషియన్ ఆదివారం వస్తానన్నాడు.